బీడీఎస్ తర్వాత ఎంపీహెచ్: అమెరికానా, ఇక్కడేనా?

ప్రశ్న: మాది ఒంగోలు, నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి బీడీఎస్ పూర్తిచేసి ఏడాదిగా ఒక ప్రైవేటు క్లినిక్‌లో పన్నెండు వేల జీతానికి పనిచేస్తోంది. అమెరికాలో ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేస్తే మూడేళ్లు ఉద్యోగం చేసుకోవచ్చనీ, అన్నీ కలిపి 45 లక్షలవుతుందనీ కన్సల్టెన్సీ వాళ్లు చెప్తున్నారు. డాలస్‌లో ఉన్న మా బావమరిది కూడా ఆలస్యం చేయకుండా పంపించేయమంటున్నాడు. అమ్మాయి మాత్రం హైదరాబాద్‌లోనో తిరువనంతపురంలోనో చదువుతానని మొండికేస్తోంది. ఏ యూనివర్సిటీ మంచిది? ఈ కోర్సు చేస్తే డాక్టర్ అన్న పేరు పోతుందా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బందవుతుందా?

జవాబు: మాస్టారూ, మీరు రాసిన దాంట్లో యూనివర్సిటీ గురించి ఉన్నది ఒక్క వాక్యం. మిగతాదంతా ఇన్ని లక్షలు పోసి ఐదేళ్లు చదివించిన బీడీఎస్ బూడిదలో పోసిన పన్నీరైపోయిందేమో అన్న బెంగే. ఇదే బెంగతో నాకు ఏటా ఎంతమంది రాస్తారో. బీడీఎస్ బదులు ఫార్మ్‌-డీయో ఫిజియోథెరపీయో ఉంటుంది, డాలస్ బావమరిది బదులు న్యూజెర్సీ పెదనాన్నగారబ్బాయి ఉంటాడు, అంతే తేడా. అందుకని ముందు ఆ సంగతి చూద్దాం, యూనివర్సిటీలు ఎక్కడికీ పోవు.

అడ్డపొగ అంటే ఏంటో మీ అమ్మాయిని అడగండి, తను చదువుకునే ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో కొందరు, ముఖ్యంగా ఆడవాళ్లు, చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆ వేడికి అంగిలి తెల్లబడుతుంది, మచ్చలు కడుతుంది, కొందరిలో అది క్యాన్సరవుతుంది. 1960ల్లో ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధన విభాగం వాళ్లు శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి, వేలమంది నోళ్లు తెరిపించి చూసి రాసుకున్నారు. తర్వాత పొగాకు మానెయ్యమని నచ్చజెప్తూ, ఏళ్ల తరబడి ఆ మనుషుల దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లి, మచ్చలు తగ్గుతున్నాయా లేదా అని లెక్కగట్టారు. తగ్గాయి. పబ్లిక్ హెల్త్ అంటే ఇదే. అదే క్లినిక్‌లో కూర్చుని ఉంటే ఆ అవ్వలు డెంటిస్టు దగ్గరికి ఎప్పుడొచ్చేవాళ్లు? ముద్ద మింగుడుపడనప్పుడు, అంటే అన్నీ అయిపోయాక. ఏది మామూలు మచ్చో ఏది కాదో కంటితో చూసి చెప్పగలిగినవాళ్లు ఉండబట్టే ఆ పని జరిగింది, మీ అమ్మాయికి ఆ చూపు ఇప్పటికే ఉంది. బీడీఎస్‌లో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ అని ఒక సబ్జెక్టే ఉంటుంది, క్యాంపులని స్కూళ్లకూ ఊళ్లకూ తిరిగే ఉంటుంది. కాబట్టి ఐదేళ్లూ వృథా అన్న మాట ఇంట్లో, తను వింటుండగా, దయచేసి అనకండి. ఇప్పటికే అని ఉంటారని నా అనుమానం.

డాక్టర్ అన్న పేరు పోదు. అది బీడీఎస్‌తో, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌తో వచ్చింది. ఆ రిజిస్ట్రేషన్ మాత్రం సమయానికి రెన్యూ చేయించుకోమనండి, ఈ హడావుడిలో అందరూ మర్చిపోయేది అదే. ఇక సంబంధాల సంగతి నన్ను అడగాల్సింది కాదు. అడిగారు కాబట్టి చెప్తున్నాను, 45 లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని ఉన్న అమ్మాయి గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అది కానే కాదు. పైగా బావమరిదిగారి సలహాకు అంత విలువిచ్చి, కూతురు చెప్పింది మొండితనం కింద జమకట్టారు. తిరువనంతపురం అన్న పేరు ఎత్తిందంటే ఆ పిల్ల కూర్చుని వెతుక్కుందని అర్థం, ఎందుకంటే ఆ పేరు కన్సల్టెన్సీ వాళ్లు చచ్చినా చెప్పరు. వాళ్లకు అక్కడ కమీషన్ రాదు కదా.

ఇప్పుడు అమెరికా. మూడేళ్లు ఉద్యోగం చేసుకోవచ్చని వాళ్లు చెప్పింది సగం నిజం. చదువయ్యాక అందరికీ వచ్చే ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలు. ఇంకో 24 నెలలు కావాలంటే చదివిన కోర్సు స్టెమ్ జాబితాలో, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల జాబితాలో ఉండాలి. మామూలు ఎంపీహెచ్ ఆ జాబితాలో లేదు. ఎపిడెమియాలజీ (రోగాలు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో వెతికే చదువు) ఉంది, బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య లెక్కల చదువు) ఉంది. ఇది తేల్చేది బ్రోచర్ కాదు, వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 కాగితం. దాని మీద కోర్సు పేరు దగ్గర ఒక కోడ్ ఉంటుంది. 51.2201 అని ఉంటే జనరల్ పబ్లిక్ హెల్త్, అంటే ఏడాదే. 26.1309 ఎపిడెమియాలజీ, 26.1102 బయోస్టాటిస్టిక్స్, వీటికి మూడేళ్లు. ఒకే డిగ్రీ పేరుతో రెండు యూనివర్సిటీల్లో రెండు కోడ్‌లు ఉండొచ్చు. ఇంత చిన్న సంగతి అడక్కుండా అప్పు తీసుకుని వెళ్లి, చివరి సెమిస్టర్‌లో తెలుసుకుని ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు.

కోడ్ సరిగ్గానే ఉందనుకుందాం, ఉద్యోగాలెక్కడ అన్నది తర్వాతి మాట. పబ్లిక్ హెల్త్ అంటే అక్కడ ఎక్కువ భాగం ప్రభుత్వ డబ్బుతో నడిచే పని. 2025లో విదేశాలకు సాయం పంచే యూఎస్‌ఎయిడ్‌ను మూసేశారు, అక్కడి రోగ నియంత్రణ సంస్థ సీడీసీలో వేల ఉద్యోగాలు కోసేశారు, యూనివర్సిటీల రీసెర్చ్ గ్రాంట్లు రద్దు చేశారు. 1916లోనే పబ్లిక్ హెల్త్ స్కూల్ పెట్టిన, ప్రపంచంలో పబ్లిక్ హెల్త్ అనగానే ముందు చెప్పుకునే జాన్స్ హాప్కిన్స్ వాళ్లే ఆ ఏడాది మార్చిలో రెండు వేలకు పైగా ఉద్యోగాలు తీసేస్తున్నామని ప్రకటించారు. అనుభవం ఉన్న అమెరికన్లే ఖాళీగా ఉన్నచోట, పరిమిత గడువుతో, వీసా స్పాన్సర్ చేయమని అడిగే కొత్త పిల్ల వరసలో ఎక్కడ నిలబడుతుంది? యూనివర్సిటీలు, వాటి అనుబంధ పరిశోధన సంస్థలు ఉద్యోగమిస్తే హెచ్‌-1బీ లాటరీ అక్కర్లేదు, అది మంచి దారే. కానీ గ్రాంట్లు తగ్గితే ముందు ఎండిపోయేది ఆ దారే. హెచ్‌-1బీ మీద లక్ష డాలర్ల రుసుమని 2025 సెప్టెంబరులో ప్రకటించి, అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవాళ్లకు వర్తించదని తర్వాత సర్దిచెప్పారు. రేపేం చెప్తారో డాలస్‌లో ఉన్నవాళ్లకూ తెలియదు, ఇక్కడున్న నాకూ తెలియదు.

అప్పు లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ ఒకసారి కాగితం మీద వేయండి. 45 లక్షలకు 11 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి దాదాపు అయిదు లక్షలు, నెలకు 41 వేల పైచిలుకు, అదీ అసలు ముట్టుకోకుండా. ఉద్యోగం రాక తిరిగొస్తే ఆ నెలనెలా కట్టేది ఎవరు? మీ రిటైర్మెంట్‌కు ఎన్నేళ్లుంది?

ఇంకో గుట్టు కూడా ఉంది. మనవాళ్లలో చాలామంది డెంటిస్టులు పబ్లిక్ హెల్త్ మీద ఇష్టంతో ఎంపీహెచ్‌కు వెళ్లరు. ఐఎన్‌బీడీఈ పరీక్ష రాసి, అక్కడి డెంటల్ కాలేజీల్లో ఫారిన్ డెంటిస్టులకు ఉండే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ సీటు తెచ్చుకుని, అక్కడే డెంటల్ లైసెన్స్ సంపాదించాలన్నది అసలు ప్లాన్, ఎంపీహెచ్ అన్నది మధ్యలో ఆగే స్టేషన్. తప్పేం కాదు, అలా వెళ్లి బాగుపడినవాళ్లున్నారు. కానీ ఆ సీటు ఫీజు విడిగా ఇంకో పెద్ద అప్పు, సీట్లు కొద్దివే. బావమరిదిగారి మనసులో ఉన్నది ఇదే అయితే ఆ మాట సూటిగా చెప్పమనండి, అప్పుడు మనం మాట్లాడుకోవాల్సింది పబ్లిక్ హెల్త్ గురించి కాదు. అమ్మాయికి అది ఇష్టమేనా అన్నది కూడా అప్పుడే అడగండి.

అమెరికాకు అసలు వెళ్లొద్దని కాదు. లెక్కలంటే భయం లేక, ఇక్కడ రెండేళ్లు పనిచేసి, ఎపిడెమియాలజీలో అక్కడి పబ్లిక్ హెల్త్ కోర్సులను పరిశీలించే సీఈపీహెచ్ గుర్తింపున్న చోట ఫీజు తగ్గింపుతోనో అసిస్టెంట్‌షిప్‌తోనో సీటొస్తే నేనే వెళ్లమంటాను. ఇప్పుడు, ఇలా, పూర్తి ఫీజు కట్టుకుని వెళ్లడం మీదే నా సందేహమంతా.

ఇక ఇక్కడి సంగతి. తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలోని అచ్యుత మేనోన్ సెంటర్ 1997 నుంచి ఎంపీహెచ్ నడుపుతోంది, మన దేశంలో ఈ కోర్సుకు దారి వేసినవాళ్లలో వాళ్లు ముందువరస. రీసెర్చ్ వైపు మనసుంటే నా ఓటు దానికే. హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో కూడా ఎంపీహెచ్ ఉంది. ఇక్కడ లాభమేంటంటే ఫీల్డ్‌వర్క్ తెలుగు ఊళ్లలో దొరికే అవకాశం ఎక్కువ, ఒక అవ్వతో ఆమె భాషలోనే మాట్లాడగలగడం సర్వేలో ఎంత పనికొస్తుందో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఆరోగ్యం వెనకున్న పేదరికం, పాలసీ, బడ్జెట్ లాంటివి ఇష్టమైతే ముంబయి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్). కలకత్తాలో 1932లో పెట్టిన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ ఉంది, మన దగ్గర ఎవరూ ఆ పేరే ఎత్తరు. నిన్నగాక మొన్న ఎంపీహెచ్ బోర్డు పెట్టిన ప్రైవేటు యూనివర్సిటీల జోలికి మాత్రం తొందరపడి వెళ్లొద్దు. ఎక్కడైనా సరే డిగ్రీ ఏ యూనివర్సిటీ పేరు మీద వస్తుంది, స్టాటిస్టిక్స్ చెప్పేది సొంత ఫ్యాకల్టీనా గెస్టులా, కిందటి బ్యాచ్ వాళ్లు ఏ పోస్టుల్లో ఉన్నారు, ఈ మూడూ అడిగించండి. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అని చెప్పి పోస్టు పేరు చెప్పకపోతే లేచి వచ్చేయడమే.

ఇక్కడ మాత్రం పూలపాన్పు ఉందనుకోకండి. నేషనల్ హెల్త్ మిషన్ ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువి, కొన్ని నోటిఫికేషన్లలో ఎంబీబీఎస్ తప్పనిసరి అంటారు, బీడీఎస్ ప్లస్ ఎంపీహెచ్ అక్కడ పనికిరాదు. యూఎస్‌ఎయిడ్ డబ్బుతో నడిచిన టీబీ, హెచ్‌ఐవీ ప్రాజెక్టుల దెబ్బ మన ఎన్జీవోలకూ తగిలింది. మొదటి జీతం చాలామందికి ఐదంకెల్లోనే ఉంటుంది. పని కూడా ఊహించుకున్నంత గొప్పగా ఉండదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినప్పుడు, రక్తంలో సీసం, నికెల్ దొరికాయని టీవీలో చూశాం. కానీ అలాంటప్పుడు ముందు తయారయ్యేది లైన్ లిస్ట్ అనే ఒక ఎక్సెల్ షీటు. పేరు, వయసు, వీధి, ఎప్పుడు పడిపోయారు, ఏ నీళ్లు తాగారు. ఒకే వీధి పేరు నాలుగు రకాల స్పెల్లింగుల్లో ఉంటుంది, వయసు గడిలో ఒకరు 35 అని, ఇంకొకరు అక్షరాల్లో రాస్తారు, ఒకే మనిషి రెండు ఆసుపత్రుల లిస్టుల్లో రెండుసార్లు ఉంటాడు. అవన్నీ సరిచేసి కూర్చోగల ఓపిక ఉన్నవాళ్లకే ఈ రంగం. మీ అమ్మాయికి అది నచ్చుతుందో లేదో సీటు తీసుకోకముందే తెలుసుకోవచ్చు. హైదరాబాద్‌లోనో మీ జిల్లాలోనో ఏదైనా సర్వే ప్రాజెక్టులో మూడు నాలుగు నెలలు పనిచేయమనండి, క్లినిక్‌లో ఇచ్చే పన్నెండు వేలకు తక్కువేం రాదనుకుంటాను. ఆ సర్టిఫికెట్ రేపు అమెరికా అప్లికేషన్‌కైనా పనికొస్తుంది.

కన్సల్టెన్సీ వాళ్లకు అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే ఆపండి. వాళ్లు చెప్పే ప్రతి యూనివర్సిటీకీ ఐ-20 మీద ఏ కోడ్ వస్తుందో వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఇవ్వమని ఈరోజే అడగండి. ఫోన్‌లో మాట్లాడదాం సార్ అంటారు చూడండి. ఇంకేదైనా అడగాలంటే ఈసారి అమ్మాయినే రాయమనండి.