మేనేజరు సందేశంలో మందలింపు కనిపించినప్పుడు

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్న ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. ఆమె ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు తీసివేశాను.

"నేను స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ కోర్సులు చదివిన విదేశీ విద్యార్థులకు చదువయ్యాక ఇక్కడ పని చేయడానికి ఇచ్చే అనుమతికి పొడిగింపు) మీద డేటా ఇంజనీరుగా పని చేస్తున్నాను. మొన్న ఒక డిజైన్ రివ్యూలో, పాత డేటాబేసులోని లెక్కలకూ కొత్తదానిలోని లెక్కలకూ పొంతన కుదరడం లేదని, ఈ స్థితిలో విడుదల చేయకూడదని మా డైరెక్టరు ఎదుటే చెప్పాను. అది చిన్న విషయమని ఆయన అన్నా నేను ఊరుకోలేదు. మర్నాడు మా మేనేజరు నుంచి సందేశం వచ్చింది: 'నిన్నటి సమావేశంలో మీ యాటిట్యూడ్‌ను నేనూ గమనించాను, డైరెక్టరూ గమనించారు. గురువారం మన వన్ ఆన్ వన్‌లో మాట్లాడుకుందాం.' ఉద్యోగం పోయినట్టేనని అనుకున్నాను. నన్ను నేను సమర్థించుకోవడానికి, చేరిన నాటి నుంచి చేసిన పనులన్నీ తేదీలతో సహా రాసుకుని వెళ్లాను. ఆయన మాత్రం, అలా నిలబడి అడిగేవాళ్లే తమకు కావాలని, రాబోయే విడుదలలో డేటా తనిఖీ బాధ్యత నన్ను తీసుకోమని అన్నారు. ఇంటికి వచ్చి చెబితే రూమ్మేట్లు, 'ఇక్కడివాళ్లు తియ్యగా మాట్లాడుతూనే ఉద్యోగం తీసేస్తారు, నమ్మకు' అంటున్నారు. నేను దేన్ని నమ్మాలి?"

అమ్మా, మీ మేనేజరు మాటనే నమ్మండి. ఆయన తియ్యగా మాట్లాడారని కాదు, ఆ మాటతో పాటు ఒక పనిని మీ చేతిలో పెట్టారు కాబట్టి నమ్మమంటున్నాను. నేను ఈ దేశంలో చాలాకాలం మేనేజరుగా ఉండి ఎందరి గురించో రివ్యూలు రాశాను. పంపించివేయాలనుకున్న మనిషికి రాబోయే విడుదలలో కీలకమైన తనిఖీని ఎవరూ అప్పగించరు, ఎందుకంటే అది చెడితే జవాబు చెప్పవలసినవాడు ఆ మేనేజరే. ఉత్త పొగడ్తకు ఆయనకు ఖర్చేమీ లేదు. బాధ్యత ఇచ్చినప్పుడు మాత్రం ఆయన తన పేరును కూడా మీ పనికి జత చేస్తున్నాడు.

అయితే ఆ రెండు వాక్యాలు చదవగానే మీ గుండె ఎందుకు జారిందో నాకు బాగా అర్థమవుతుంది, దాన్ని పిరికితనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనం చదువుకున్న బడుల్లో మాస్టారు డైరీలో ఏదైనా రాశారంటే అది ఫిర్యాదే. బాగా చదివే పిల్లల ప్రోగ్రెస్ కార్డులో రిమార్కుల గడి చాలాసార్లు ఖాళీగానే ఉండేది. ఇంజనీరింగు కాలేజీలోనూ అంతే, హెచ్ఓడీ గదికి పిలుపు వస్తే హాజరు తగ్గడమో క్రమశిక్షణో కారణమై ఉండేది గాని, నీ ప్రాజెక్టు బాగుందని చెప్పడానికి పిలిచిన సందర్భాలు అరుదు. పెద్దలు మౌనంగా ఉంటే మెచ్చుకున్నట్టు, నోరు విప్పితే తప్పు పట్టినట్టు అన్న లెక్క మనలో ఇరవై ఏళ్లు స్థిరపడిన తరువాత, విమానం దిగినంత మాత్రాన అది మారదు. దానికి తోడు, పెద్దవారి ఎదుట ఎదురు చెప్పడమే ఒక దోషమన్న శిక్షణ ఉన్నందువల్ల, మీరు డైరెక్టరుతో వాదించిన మర్నాడు ఎటువంటి సందేశం వచ్చినా అది మీకు మందలింపుగానే కనిపించేది. ఇక్కడి మంచి బృందాల్లో లెక్క దాదాపు తలకిందులుగా ఉంటుంది. రివ్యూ సమావేశం పెట్టేదే తప్పులు బయటపడటానికి, అందులో నోరు మెదపని కొత్తవారి గురించే మేనేజర్లు లోలోపల ఆందోళన పడతారు. మీ డైరెక్టరు ఆ రోజు మిమ్మల్ని కాదని అన్నా, ఆ తరువాత వెళ్లి లెక్కలు చూసుకుని ఉంటారని నా ఊహ.

భయానికి రెండో కారణం వీసా. టెక్సస్‌లోనూ, మోంటానా తప్ప మిగిలిన రాష్ట్రాలన్నింటిలోనూ సామాన్య నియమం ప్రకారం యజమాని కారణం చూపకుండానే ఉద్యోగం తీసివేయవచ్చు, వివక్ష వంటి చట్టవిరుద్ధమైన కారణాలు మాత్రం చెల్లవు. ఓపీటీ కాలంలో ఉద్యోగం లేకుండా ఉండగలిగే రోజులు మొత్తం 90. స్టెమ్ పొడిగింపు వస్తే మరో 60 కలిసి 150 అవుతాయి, అందులో మొదటి ఏడాది వాడుకున్నవి కూడా లెక్కలోకి వస్తాయి. హెచ్1బీ ఉద్యోగ వీసాకు మారినవారికి ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది, ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో చూపే పత్రం) అంతకుముందే ముగిస్తే అప్పటివరకే. ఇలా రోజులు లెక్కపెట్టుకుంటూ బతికే మనిషికి ప్రతి సందేశంలోనూ గడువే కనిపిస్తుంది. కాబట్టి మీరు భయపడటం సహజమే. ఏ సందేశానికి భయపడాలో తెలుసుకోవడమే ఇప్పుడు మీకు అవసరం.

నిజంగా ప్రమాదం తెచ్చే కాగితం ఎలా ఉంటుందో చెబుతాను. అందులో స్వభావం గురించి గాక కొలవగలిగిన లక్ష్యాల గురించి రాసి ఉంటుంది, ఫలానా తేదీలోగా ఫలానాది పూర్తి కావాలని ఉంటుంది, పూర్తి కాకపోతే ఏమవుతుందో కూడా ఉంటుంది, సమావేశపు ఆహ్వానంలో హెచ్ఆర్ పేరు కనిపిస్తుంది. దాన్నే పిప్, అంటే పనితీరు మెరుగుపరుచుకోవడానికి ఇచ్చే ప్రణాళిక, అంటారు. అది వచ్చినవారు ఆ రోజే వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాలి, పిప్‌లో నెగ్గి నిలబడ్డవారు లేకపోలేదు గాని ఆ ఆశ మీద వీసాను వదిలేయకూడదు. ఏ హెచ్చరికా లేకుండా, ఖర్చు తగ్గించుకోవడానికి చేసే తొలగింపులు వేరు. వాటికీ మీ యాటిట్యూడ్‌కూ సంబంధం ఉండదు, మీ రూమ్మేట్లు చూసినవి బహుశా అవే.

వారి మాటలో కొంత నిజం ఉందని కూడా ఒప్పుకోవాలి. ఇక్కడ విమర్శను మెత్తగా చెప్పే అలవాటు ఎక్కువ. 'వీలైతే ఈ భాగాన్ని మరోసారి చూస్తారా' అని మేనేజరు అంటే అది ఐచ్ఛికం కాదు, చేసి తీరవలసిన పని. 'ఆసక్తికరంగా ఉంది, ఆలోచిద్దాం' అంటే మీ ప్రతిపాదన పక్కకు వెళ్లిపోయి ఉండవచ్చు. పొగడ్తల మధ్య వచ్చిన ఒకే ఒక్క సూచనను మనవాళ్లు చాలామంది విని వదిలేసి, ఏడాది చివర రేటింగు తగ్గాక ఆశ్చర్యపోవడం నేను చూశాను. అందువల్ల సందేశం ఎంత కఠినంగా ఉంది, ఎంత మెత్తగా ఉంది అని తూచకండి. అందులో మిమ్మల్ని చేయమన్నది ఏమిటో చూడండి. అస్పష్టంగా ఉంటే గురువారం దాకా నిద్ర కాచుకోవలసిన పని లేదు, 'తప్పకుండా మాట్లాడదాం, నేను ఏమైనా సిద్ధం చేసుకుని రావాలా?' అని వెంటనే ఒక్క వాక్యం తిరిగి రాస్తే చాలు. వచ్చే జవాబులో సగం సంగతి తేలిపోతుంది, ఆ ప్రశ్నను ఇక్కడ ఎవరూ తప్పుగా తీసుకోరు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది, మీరు భయంతో రాసుకున్న ఆ పనుల పట్టిక. దాన్ని ఎవరికీ చూపించనక్కర లేకుండా పోయిందని మీరు అనుకుంటూ ఉండవచ్చు గాని, దయచేసి పారవేయకండి. స్టెమ్ ఓపీటీలో ఉన్నవారు ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక పత్రంలో మొదటి 12 నెలలు నిండేసరికి ఒకసారి, శిక్షణ ముగిసేటప్పుడు మరోసారి తమ పనిని తామే మదింపు చేసి రాయాలి, దాని మీద యజమాని సంతకం చేయాలి, గడువు ముగిసిన 10 రోజుల్లోగా అది విశ్వవిద్యాలయంలోని డీఎస్ఓకు (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారికి) చేరాలి. ఆ సమయానికి చాలామందికి తాము చేసింది గుర్తుండక నాలుగు పొడి మాటలు రాస్తారు. మీ దగ్గర తేదీలతో సహా సిద్ధంగా ఉంది. అంతకంటే ముఖ్యం, ఒక పరాయి దేశంలో తక్కువ కాలంలోనే మీరు ఇంత చేశారన్న సంగతి మరెవరో చెప్పకుండానే మీ చేతిరాతలోనే మీకు కనిపించింది. మేనేజరు ఇచ్చిన ప్రోత్సాహం గురువారం వచ్చింది. ఇది అంతకుముందే మీ దగ్గర ఉంది. నెలకొకసారి కూర్చుని దాన్ని పొడిగించుకుంటూ ఉండండి.

ఇక ఆ బాధ్యతను తీసుకోండి. తీసుకునే ముందు మీ పరిధి ఎంతవరకో, లెక్కలు కుదరకపోతే విడుదలను ఆపే అధికారం మీకు ఉంటుందో లేదో మేనేజరును అడిగి, మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే ఈమెయిలులో క్లుప్తంగా ఆయనకు రాయండి. ఆపే అధికారం లేకుండా తనిఖీ బాధ్యత మాత్రమే ఇస్తానంటే, మొన్న రివ్యూలో అడిగినట్టే మర్యాదగా, పట్టు వదలకుండా అడగండి. కొత్త పని వల్ల మీ శిక్షణ ప్రణాళికలోని లక్ష్యాలు మారేటట్టయితే సవరించిన ఐ-983 కూడా డీఎస్ఓకు పంపవలసి ఉంటుంది, కాబట్టి ఈ వారమే ఆయనకో ఆమెకో ఒక ఉత్తరం రాసి అడగండి.