తాత వాడిన అత్తరు అడుగున కొంచెం మిగిలింది, వాడాలా? దాచాలా?

దాచండి. రోజూ రాసుకుంటే కొన్నాళ్లకు అది మీ తాత వాసన కాకుండా పోతుంది, మీ ఆఫీసూ మీ బస్సు ప్రయాణాలూ అన్నీ దానికి అంటుకుంటాయి. చూసినవీ విన్నవీ మెదడులో థాలమస్ అనే మధ్య భాగం మీదుగా తిరిగి వెళ్తాయి గానీ, వాసన మాత్రం జ్ఞాపకాలను, భావోద్వేగాలను చూసుకునే భాగాలకు దగ్గరి దారిలో చేరుతుంది.

మాది మిర్యాలగూడ వైపు పల్లె. మేం హిందువులమే, అయినా మా నాయన జనవరిలో జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకు తప్పకుండా పోయేవాడు, కందూరు చేసి (మొక్కు తీర్చి మేకను కోసి వండిపెట్టి), వచ్చేటప్పుడు దర్గా బయట దుకాణంలో గులాబీ అత్తరు చిన్న సీసా కొనుక్కొచ్చేవాడు. ఇంత దూది ఉండ చేసి, ఒక చుక్క అద్ది, చెవి మడతలో పెట్టుకునేవాడు. గంధం ఊరేగింపు వస్తుంటే ఊదు పొగ, పూలు, జనం చెమట, పొయ్యిల మీద ఉడికే కూర, అన్నీ కలిసి వచ్చే ఆ వాసన నాకు ఇప్పటికీ ఎక్కడున్నా గుర్తొస్తుంది. మా ఊళ్లో మొహర్రంకు పీర్లు లేచినప్పుడూ అదే ఊదు. మా వైపు రెండు మతాలవాళ్లు కలిసి బతికారని నాకు ఎవరూ చెప్పకముందే ముక్కుకు తెలుసు.

ఇక అత్తరు నిలవడం సంగతి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ పాత పద్ధతిలో డేగు అనే పెద్ద రాగి పాత్రలో పూలు, నీళ్లు వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి మంట పెడతారు, ఆవిరి వెదురు గొట్టంలోంచి గంధం నూనె ఉన్న భప్కా అనే ఇంకో పాత్రలోకి దిగుతుంది. పూల వాసనను పట్టి ఉంచేది ఆ గంధం నూనే. ఆల్కహాల్ ఉండదు కాబట్టి సెంటులా త్వరగా ఎగిరిపోదు. గంధం బాగా ఖరీదైపోయాక చాలామంది పారఫిన్ నూనె కలుపుతున్నారు, మీ తాత కాలం సీసా పోతే అలాంటిది దొరకడం కష్టమని నేననేది అందుకే. (అక్కడే కాల్చిన మట్టి నుంచి కూడా అత్తరు తీస్తారు, అచ్చం తొలకరికి తడిసిన చెలక వాసన!)

మిగిలినదాన్ని అది నిండేంత చిన్న గాజు సీసాలోకి మార్చి, బిరడా గట్టిగా బిగించి, ఎండ తగలని బీరువాలో పెట్టండి, ప్లాస్టిక్ వద్దు. కొంచెం దూదికి అద్ది చార్మినార్ దగ్గర పాత అత్తరు దుకాణాల్లో చూపించండి, అనుభవం ఉన్నవాళ్లు దానికి దగ్గరి రకం తీసిస్తారు. మీరు రాసుకోవడానికి అది చాలు. పాత సీసా మాత్రం పండుగ పూట తీసి, తాతను చూడని పిల్లలకు వాసన చూపించండి.