లక్షన్నరలో కోల వజ్రపు ఉంగరం

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

*నిశ్చితార్థానికి అమ్మాయికి ఓవల్ డైమండ్ ఉంగరం పెడదామనుకుంటున్నాం. మొత్తం లక్షన్నర దాటకూడదు. బషీర్‌బాగ్‌లో ఒక దుకాణంలో 50 సెంట్ల రాయి చూపించారు, ఇంకో చోట 70 సెంట్లది. రెండిటి ధరా దాదాపు ఒకటే. 70 సెంట్లది తీసుకోవడమే లాభం కదా?*
– ఒక పాఠకుడు, ఉప్పల్

ముందు రాయికి ఎంత మిగులుతుందో తేల్చుకోండి. ఉంగరం సుమారు 3.5 గ్రాములు, 18 క్యారెట్ల బంగారం అనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి మేలిమి బంగారం గ్రాము 12,000 రూపాయలు వేద్దాం, మీరు కొనే రోజు రేటు పెట్టుకోండి. 18 క్యారెట్లంటే 75 శాతం బంగారం, కాబట్టి గ్రాము 9,000. మూడున్నర గ్రాములకు 31,500. మజూరీ 15 శాతమైతే 4,725. ఆభరణం మొత్తం విలువ మీద 3 శాతం జీఎస్టీ పడుతుంది. లక్షన్నరలోంచి ఆ పన్ను తీసేస్తే 1,45,600 మిగులుతుంది, అందులో బంగారం, మజూరీ పోతే రాయికి లక్షా తొమ్మిది వేలు. ఈ అంకె చీటీ మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. అది చేతిలో లేకపోతే అక్కడ చూపించే మొదటి రాయే మీ బడ్జెట్‌ను నిర్ణయిస్తుంది.

ఇక 70 సెంట్ల సంగతి. సెంటంటే క్యారెట్‌లో నూరో వంతు, రాళ్ల తూకంలో క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు (బంగారం స్వచ్ఛత చెప్పే క్యారెట్ వేరు). అంటే సెంట్లు చెప్పేది బరువే. వేలి మీద కనిపించేది పొడవు, వెడల్పు. బరువంతా కింద పొట్టలో దాచుకున్న రాయి పైనుంచి చిన్నగా కనిపిస్తుంది. ఒక క్యారెట్ ఓవల్ లోతు 61 శాతం ఉంటే సుమారు 7.9 × 5.7 మిల్లీమీటర్లు వస్తుంది. అదే బరువు, అదే ఆకారం, లోతు 70 శాతమైతే 7.6 × 5.4కి పడిపోతుంది. ఓవల్‌లో ఈ శాతాన్ని వెడల్పుతో పోల్చి లెక్కిస్తారు. లోతు 58–63, పైనున్న పెద్ద పలక, అంటే టేబుల్, 53–63 మధ్య ఉన్న రాళ్లతో వెతకడం మొదలుపెట్టండి.

సానపట్టేవారు బరువు పోకుండా చూసుకోవడం ఈ వ్యాపారంలో ఎప్పుడూ ఉన్నదే, ఎందుకంటే ధర క్యారెట్‌కి ఇంత అని కడతారు. మెరుపు కావాలంటే బరువు వదులుకోవాలి. మన గోల్కొండ రాజ్యపు గనుల పేరుతో ముడిపడిన కోహినూరు కూడా కోల వజ్రమే. 1852లో దాన్ని లండన్‌లో తిరిగి సానపట్టినప్పుడు సుమారు 191 క్యారెట్లది 105.6 క్యారెట్లకు తగ్గింది. మెరుపు కోసం అంత బరువును ధారపోశారు.

కాబట్టి ఆ 70 సెంట్ల రాయి గురించి నాలుగు అడగండి. పొడవు, వెడల్పు, లోతు మిల్లీమీటర్లలో ఎంత? రంగు గ్రేడు ఏమిటి? స్వచ్ఛత ఎంత? రాయిని పరీక్షించి ఇచ్చిన రిపోర్టు ఏ ల్యాబ్‌ది, అందులో సహజమని, అంటే భూమిలో దొరికినదని రాశారా? అదే ధరకు 20 సెంట్లు ఎక్కువ వస్తున్నాయంటే ఈ నాలుగింటిలో ఎక్కడో తగ్గించారన్నమాట. సహజ వజ్రంలో మీ డబ్బుకు 50–60 సెంట్ల మధ్య చూడండి. మంచి 50 సెంట్ల ఓవల్ సుమారు 6.2 × 4.5 మిల్లీమీటర్లు ఉంటుంది, సన్నని వేలికి నిండుగానే కనిపిస్తుంది. 50, 70, 90 సెంట్లు, ఒక క్యారెట్ దగ్గర క్యారెట్ ధర ఒక్కసారిగా మెట్టెక్కుతుంది. 50 కోసం పట్టుబట్టకుండా 47, 48 సెంట్ల రాయి ఉందేమో అడగండి. తేడా మిల్లీమీటరులో పదో వంతు, కంటికి ఆనదు.

*రిపోర్టులో పాలిష్, సిమెట్రీ రెండూ ఎక్సలెంట్ అని ఉంది. షాపులో ధగధగలాడింది. ఇంటికి తెచ్చాక చూస్తే రాయి నడుమ అడ్డంగా నల్లటి మచ్చ! మోసపోయామా?*
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

మోసం కాదండి, మచ్చా కాదు. దాన్ని బో టై అంటారు. నడుమ ముడి వేసి, రెండు పక్కలకూ రెక్కలు విప్పినట్టు కనిపించే నీడ అది. దాదాపు కోల రాళ్లన్నిటిలో ఎంతో కొంత ఉంటుంది. కారణం చూసేవారి తలే. రాయి నడుమ అడ్డంగా ఉన్న ముఖాలు గదిలోని వెలుగుకు బదులు, ఎదురుగా వంగి చూస్తున్న మన తల నీడను కంటికి తిప్పి పంపుతాయి. ఆ ముఖాల వాలు సరిగ్గా కుదిరితే నీడ పలచగా ఉండి, వేలు కదిపితే చెదిరిపోతుంది. కుదరకపోతే ఎటు తిప్పినా నల్లగా అక్కడే కూర్చుంటుంది.

ఇది మామూలు రిపోర్టుల్లో ఉండదు. వజ్రాలను పరీక్షించే జీఐఏ సంస్థ గుండ్రని వజ్రాలకే కట్ గ్రేడ్, అంటే సాన ఎంత బాగుందో చెప్పే గ్రేడ్ ఇస్తుంది, ఓవల్‌కు ఇవ్వదు. పాలిష్ అంటే పైముఖాల నునుపు, సిమెట్రీ అంటే అమరిక. రెండూ ఎక్సలెంట్ అయినా నడుమ నల్లగా ఉండవచ్చు. గుండ్రని రాయిని రిపోర్టు చూసి కొన్నా చాలావరకు చెల్లుతుంది. కోల రాయిని మాత్రం కంటితో చూడకుండా కొనకూడదు, ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

షాపులో ఎందుకు కనిపించలేదంటే, అక్కడ పైకప్పు నుంచి చిన్న చిన్న స్పాట్‌లైట్లు పదీ ఇరవై దిక్కుల నుంచి పడుతుంటాయి. ఏ రాయైనా మెరుస్తుంది. ఇంకా కొననివారు ఇలా చేయండి. రాయిని విడిగా అడిగి, గుమ్మం దగ్గరకో, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గరకో తీసుకెళ్లండి. కంటికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని నెమ్మదిగా ఎడమకు, కుడికి, ముందుకు, వెనక్కు వంచండి. తర్వాత 15 సెంటీమీటర్లకు తెచ్చి చూడండి. దగ్గరికొచ్చేకొద్దీ నీడ కాస్త పెరగడం సహజం, తల మరింత అడ్డం వస్తుంది కాబట్టి. 30 సెంటీమీటర్ల దూరంలోనే, ఎటు వంచినా పోకపోతే ఆ రాయి పక్కన పెట్టేయండి. కనీసం మూడు రాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఒక్కదాన్నే చూస్తే ఏదైనా బాగున్నట్టే ఉంటుంది.

అప్పుడే అంచు ఆకారం కూడా చూడండి. పొడవును వెడల్పుతో భాగిస్తే 1.35 నుంచి 1.45 మధ్య వస్తే ఎక్కువమందికి నచ్చే కోల. 1.30 కన్నా తగ్గితే సరిగ్గా సానపట్టని గుండ్రని రాయిలా ఉంటుంది, 1.50 దాటితే సన్నగా సాగుతుంది. నిష్పత్తి ఒకటే అయినా ఆకారం మారుతుంది. భుజాలు చదునైతే మాత్రలా, కొనలు మొనదేలితే కన్నులా కనిపిస్తుంది. తెల్ల కాగితం మీద బోర్లించి అంచు వెంట చూస్తే ఒక పక్క ఉబ్బు, ఒక పక్క నొక్కు ఉంటే ఇట్టే పట్టేయవచ్చు.

మీరు కొన్న రాయిని ఇదే పద్ధతిలో ఇంట్లో మరోసారి పరీక్షించండి. నీడ కదలకపోతే బిల్లు మీద మార్పిడి గడువు చూసుకుని, ఉంగరం పెట్టుకోకముందే వెళ్లి అడగండి. కొత్తది ఎంచేటప్పుడు ఈసారి గుమ్మం దగ్గరే చూడండి.

*స్వచ్ఛతలో ఎస్ఐ1 గ్రేడు రాయి చవకగా వస్తోంది. కానీ కాకిపాదం ఉన్న వజ్రం దోషమని అమ్మమ్మ ఒప్పుకోవడం లేదు. రంగులో కూడా ఎంతవరకు తగ్గవచ్చు?*
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

అమ్మమ్మగారి మాటను తోసిపుచ్చకండి. రత్నపరీక్ష తెలిసిన పాతవారు కాకిపాదమన్నది రాయిలోపల కాకి కాలి ముద్రలా కనిపించే నల్లని గుర్తును. ఇప్పటి రిపోర్టులో క్రిస్టల్ (లోపల చిక్కిన చిన్న స్ఫటికం), ఫెదర్ (సన్నని పగులు) లాంటి పేర్లతో వచ్చేవి అలాంటివే. గ్రేడు పేరు కన్నా అది ఏ రంగులో, ఎక్కడ ఉందన్నది చూడాలి. నల్లనిది టేబుల్ కింద నడుమ ఉంటే వద్దు. తెల్లనిది, సన్ననిది భుజం దగ్గర ఉంటే ఓవల్‌లోని తళుకుల మధ్య కలిసిపోతుంది. కొనల దగ్గర పైకి తేలిన ఫెదర్ మాత్రం వద్దు. కోల రాయికి దెబ్బ తగిలేది అక్కడే, పెచ్చు లేచే ప్రమాదం ఉంది. రిపోర్టులో రాయి బొమ్మ ఉంటే ఎర్ర, ఆకుపచ్చ గుర్తులు ఎక్కడున్నాయో చూసి, పది రెట్ల భూతద్దంతో అక్కడే వెతకండి. తర్వాత భూతద్దం తీసి మామూలు కంటితో చూడండి. కనిపించకపోతే ఎస్ఐ1 హాయిగా తీసుకోవచ్చు. అంతకన్నా పై గ్రేడైన వీవీఎస్‌కు పెట్టే అదనపు డబ్బు వేలి మీద ఎవరికీ కనిపించదు.

రంగు విషయంలో ఓవల్ కాస్త పెంకిది. రెండు కొనల్లో పసుపు ఛాయ పోగవుతుంది. రంగు గ్రేడుల్లో అక్షరం ముందుకెళ్లేకొద్దీ పసుపు పెరుగుతుంది. తెల్ల బంగారం, ప్లాటినం అయితే జి లేదా హెచ్ తీసుకోండి. పసుపు బంగారమైతే ఐ చాలు, జె కూడా నప్పుతుంది, చుట్టూ ఉన్న బంగారం రంగే రాయిలో పడుతుంది కాబట్టి. చుట్టూ చిన్న రవ్వలు పొదిగే హేలో డిజైన్ అనుకుంటే మాత్రం జాగ్రత్త. ఆ రవ్వలు మరీ తెల్లవైతే నడుమ జె రాయి పచ్చబడ్డట్టు తేలిపోతుంది.

*ల్యాబ్ వజ్రమైతే అదే డబ్బుకు నాలుగింతలు పెద్దది వస్తుందంటున్నారు. టెస్టర్ పెన్నుతో చూపిస్తే అసలు వజ్రమనే పలికింది. కొనవచ్చా?*
– ఒక పాఠకుడు, మియాపూర్

పలుకుతుంది, ఎందుకంటే ల్యాబ్‌లో పెంచినదీ కర్బనమే, వజ్రమే. వేడిని ఎంత త్వరగా లాగుతుందో చూసే ఆ పెన్ను సహజానికీ ల్యాబ్‌కూ తేడా చెప్పలేదు. కొన్ని పెన్నులకు వజ్రంలా కనిపించే వేరే రాయి మోయిసనైట్ కూడా వజ్రంగానే పలుకుతుంది, దాన్ని పట్టాలంటే విద్యుత్తును కూడా కొలిచే పెన్ను కావాలి. ల్యాబ్ రాయిని తేల్చేది ప్రయోగశాల యంత్రాలే. ఐజీఐ అనే పరీక్షా సంస్థ ల్యాబ్ వజ్రాలకు ఇచ్చే రిపోర్టు నంబరు ఎల్‌జీ అక్షరాలతో మొదలవుతుంది, రాయి నడుం అంచు మీద లేజర్‌తో అదే చెక్కి ఉంటుంది. భూతద్దంలో చూపించమనండి. జీఐఏ 2025 అక్టోబర్ నుంచి ల్యాబ్ రాళ్లకు పాత పద్ధతిలో రంగు, స్వచ్ఛత గ్రేడ్లు ఇవ్వడం మానేసి ప్రీమియం, స్టాండర్డ్ అని రెండు తరగతులే పెట్టింది.

పెట్టుకోవడానికే, అందానికే అయితే ల్యాబ్ రాయి మంచి ఎంపికే. మీ డబ్బుకు 2 క్యారెట్లదీ దొరుకుతుంది. కానీ రేపు అమ్మితే చేతికొచ్చేది చాలా తక్కువ, దీని ధరలు ఏటేటా పడిపోతున్నాయి. రెండు వైపుల పెద్దలకూ ముందే చెప్పి కొనండి. సహజమనుకుని తీసుకుని తర్వాత తెలిస్తే అది రాయి గొడవగా ఆగదు. ల్యాబ్‌లో వజ్రం పెంచే పద్ధతులు రెండు, సీవీడీ, హెచ్‌పీహెచ్‌టీ. చూసేటప్పుడు సీవీడీ రాయిలో గోధుమ ఛాయ, హెచ్‌పీహెచ్‌టీలో నీలి ఛాయ ఉందేమో తెల్ల కాగితం మీద బోర్లించి పరీక్షించండి. బో టై పరీక్ష దీనికీ తప్పదు.

*రోజూ పెట్టుకుంటుంది కాబట్టి పట్టు చీరకు తగులుకోకూడదు. ఏ సెట్టింగ్ మంచిది? వేలి కొలత ఆమెకు తెలియకుండా ఎలా తీసుకోవాలి?*
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

గడియారంలో 10, 2, 4, 8 అంకెలున్న చోట నాలుగు ప్రాంగ్‌లు, అంటే రాయిని పట్టుకునే కాళ్లు, చాలు. వాటి కొసలు గుండ్రంగా నునుపు చేయించండి. ఉంగరం చేతికి ఇచ్చాక పలచని చున్నీ మీద అటూ ఇటూ రుద్దండి. దారం పట్టుకుంటే అక్కడికక్కడే సరిచేయించండి. రాయిని ఎత్తుగా నిలబెట్టే డిజైన్ ఫొటోల్లో బాగుంటుంది, పిండి కలిపే చేతికి కాదు. కొనలకు రక్షణ కావాలంటే చుట్టూ బంగారు అంచు కట్టే బెజెల్ మేలు, రాయి మాత్రం కాస్త చిన్నగా కనిపిస్తుంది. బంగారం 18 క్యారెట్లే తీసుకోండి. 22 మెత్తన, కాళ్లు వంగుతాయి. ఉంగరం కడ్డీ 1.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

కొలతకు, ఆమె అదే వేలికి పెట్టుకునే ఉంగరాన్ని వాళ్ల అమ్మగారి ద్వారానో వదినగారి ద్వారానో తెప్పించి లోపలి వ్యాసం కొలవండి. వ్యాసాన్ని 3.14తో గుణించి, అందులోంచి 40 తీసేస్తే మన దేశపు సైజు. 17.2 మిల్లీమీటర్లయితే 54, సైజు 14. ఏసీలో వేలు సన్నబడుతుంది, ఎండలో ఉబ్బుతుంది. నేరుగా కొలిచే వీలుంటే సాయంత్రం పూట కొలవండి. కడ్డీ చుట్టూ రవ్వలు పొదిగిన ఉంగరాన్ని తర్వాత పెద్దది, చిన్నది చేయడం కుదరదు.

*బిల్లులో ఏమేం చూసుకోవాలి?*
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

బంగారం నికర బరువు, రాయి బరువు వేర్వేరుగా ఉండాలి. మొత్తం తూకానికి బంగారం రేటు వేస్తే, ఒక క్యారెట్ రాయికే 0.2 గ్రాముల బంగారం ధర అదనంగా కడతారు. పై లెక్కలో అది 1,800 రూపాయలు, మజూరీ ఇంకా కలపలేదు. మజూరీ శాతం బంగారం మీదే వేశారా, రాయి విలువను కూడా కలిపేశారా చూడండి. నష్టం ఎక్కువగా జరిగేది అక్కడే.

ఉంగరం లోపల బీఐఎస్ గుర్తు, 18కె750 (18 క్యారెట్లు, 75 శాతం బంగారమని), ఆ నగకే ప్రత్యేకమైన, అక్షరాలు, అంకెలు కలిపి ఆరున్న హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొట్టి దుకాణంలోనే సరిచూసుకోండి. హాల్‌మార్క్ చెప్పేది బంగారం గురించే, వజ్రం గురించి కాదు. వజ్రానికి ల్యాబ్ రిపోర్టు విడిగా తీసుకోండి, అదీ పొదగకముందు ఇచ్చిన రిపోర్టు. పొదిగాక చేసే పరీక్షలో బరువు, రంగు అంచనాగానే రాస్తారు. రిపోర్టు నంబరు, రాయి అంచు మీది నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఒకటే కావాలి. తిరిగి ఇస్తే ఎంత శాతం ఇస్తారో, మార్పిడికి ఎంతో, నగదుకు ఎంతో ఆ బిల్లు మీదే రాయించి ముద్ర వేయించుకోండి.