ఎన్నారై సందేహాలు: రెస్టారెంటుకి మొదటి ఆరుగురిని ఎలా ఎంచుకోవాలి?

సందేహం: డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో చిన్న టిఫిన్-బిర్యానీ రెస్టారెంటు తెరుస్తున్నాం. మా ఆవిడ హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీద అది చూసుకుంటుంది, నాది హెచ్-1బీ ఐటీ ఉద్యోగం. ఆరుగురు మనుషులు కావాలి. తెలిసినవాళ్ళ పిల్లలు, ఎంఎస్ చదివే కుర్రాళ్ళు వస్తామంటున్నారు. పనిమంతుల్ని ముందే ఎలా గుర్తుపట్టాలి?

సమాధానం: గుణగణాల కన్నా ముందు ఆ ఎంఎస్ కుర్రాళ్ళ సంగతి తేల్చేద్దాం. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్ళు అనుమతి లేకుండా క్యాంపస్ బయట ఒక్క గంట కూడా పనిచేయకూడదు. సీపీటీ, ఓపీటీ (విద్యార్థులకు దొరికే పని అనుమతులు) ఉన్నా ఆ పని చదివిన చదువుకు సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్ అబ్బాయి మీ కౌంటర్లో బిర్యానీ పార్సిళ్ళు కట్టడం అందులోకి రాదు. డబ్బు చేతికిచ్చినా, చెక్కు రాసినా అది పనే. ‘జీతం లేదండీ, ఊరికే సాయానికొస్తున్నాడు’ అంటే కూడా చెల్లదు. లాభం కోసం నడిచే వ్యాపారంలో ఉచిత సేవను ఫెడరల్ కార్మిక చట్టం ఒప్పుకోదు. దొరికిన రోజు మీకు జరిమానా పడుతుంది, ఆ అబ్బాయికి స్టేటస్సే పోతుంది. హెచ్-1బీలో ఉన్న మీకూ ఇదే వర్తిస్తుంది. పెట్టుబడి పెట్టొచ్చు గానీ శనివారం రద్దీగా ఉందని కౌంటర్లో నిలబడి ఆర్డర్లు తీసుకోకూడదు. ఎంతవరకు తలదూర్చవచ్చో తెరవకముందే ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగి తెలుసుకోండి.

ఇక మనుషుల విషయం. కొత్తగా తెరిచేవాళ్ళలో చాలామంది అనుభవం ఎన్నేళ్ళో చూసి మోసపోతారు. హైదరాబాద్ స్టార్ హోటల్లో పదిహేనేళ్ళు చేసిన మాస్టరుకి అక్కడ కింద నలుగురు హెల్పర్లు ఉండేవారు. ఉల్లిపాయలు ఒకరు తరిగిచ్చేవారు, గిన్నెలు మరొకరు కడిగేవారు, ఆయన రుచి చూసి ఉప్పు సరిచేసేవాడు. మీ కిచెన్లో ఆయనే తరగాలి, వండాలి, డబ్బాల మీద తేదీ రాయాలి, రాత్రి పదకొండింటికి పొయ్యి తుడవాలి. రెండో వారానికే మొహం మాడిపోతుంది. తప్పు ఆయనది కాదు, ఎంచుకున్నవాళ్ళది. చిన్న చోట అక్కరకొచ్చేవి వేరే గుణాలు. చెప్పిన టైముకి రావాలి. రద్దీలో వరస తప్పకూడదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పగలగాలి. పొరపాటు జరిగితే దాచకుండా వెంటనే నోరు విప్పాలి. ఈ చివరి రెండూ ఉన్నవాడికి వంట కొంచెం తక్కువ తెలిసినా నేర్పుకోవచ్చు. లేనివాడికి ఎంత తెలిసినా ఏదో ఒకనాడు అది మీ మెడకే చుట్టుకుంటుంది.

ఈ గుణాలు కబుర్లలో బయటపడవు. టీ తాగుతూ అరగంట మాట్లాడితే తేలేది ఎదుటివాడు బాగా మాట్లాడతాడా లేదా అన్నదొక్కటే. ఉద్యోగుల ఎంపిక మీద అంతకుముందు 85 ఏళ్ళలో జరిగిన పరిశోధనలను ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ఒకచోట చేర్చి చూశారు. అసలు పనిలోంచి ముక్క తీసి చేయించి చూడటం, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి మార్కులు వేయడం బాగా పనికొచ్చే పద్ధతుల్లో తేలాయి. మీరు చేయాల్సిందీ ఆ రెండే. చేయించి చూడటం అన్నింటికన్నా ముఖ్యం కాబట్టి దాన్నే వివరంగా చెబుతాం.

దోశ మాస్టర్ని పిలిచారనుకోండి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చల్లటి పిండి ఇవ్వండి. పని తెలిసినవాడు దాన్ని కాసేపు బయట ఉంచుతాడు, జారుగా ఉందో గట్టిగా ఉందో గరిటెతో ఎత్తి చూస్తాడు, పెనం మీద నీళ్ళు చిలకరించి వేడి పట్టుకుంటాడు. మొదటి దోశ పాడైతే కంగారుపడడు. మొదటి నాలుగూ బాగా రావడం చూసి మురిసిపోకండి, అసలు పరీక్ష తర్వాత ఉంది. పది ఆర్డర్ల చీటీలు ఒకేసారి ముందు పెట్టండి. వాటిలో రెండింటికి ఉల్లి వద్దని, ఒకదానికి నెయ్యి వద్దని రాయండి. చీటీలు చదివి వరసలో పెట్టుకుంటున్నాడా? పెనం మరీ కాలినప్పుడు నీళ్ళు చల్లి తుడిచి మళ్ళీ దారిలో పెడుతున్నాడా? పదో దోశ రెండోదానిలా ఉందా? నెయ్యి వద్దన్నచోట పొరపాటున వేసేస్తే పైకి చెప్పి మళ్ళీ వేస్తున్నాడా, మడతపెట్టి ప్లేటులో పెట్టేస్తున్నాడా? ఈ చివరిదానికే మార్కులు ఎక్కువ.

బిర్యానీ మాస్టరు ‘ఎంతమందికి?’ అని అడగాలి. బియ్యం ఎన్ని పౌండ్లు, మాంసం ఎన్ని పౌండ్లు అని తూకం అడిగితే ఇంకా మంచిది. ‘అంతా చేతి అంచనానే సార్’ అనే మనిషి చేతిలో మంగళవారం బిర్యానీ ఒకలా, శుక్రవారం బిర్యానీ మరోలా వస్తుంది. వంట అయ్యాక ఒక ప్రశ్న వేయండి: ‘రాత్రి పెద్ద గిన్నెడు సాంబారు మిగిలింది, ఏం చేస్తారు?’ ‘గిన్నెతోనే వాక్-ఇన్ కూలర్లో పెట్టేస్తా’ అన్నాడంటే ప్రమాదం. లోతు గిన్నెలో నడిమి సాంబారు గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, సూక్ష్మజీవులు పెరిగేది అక్కడే. 135 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 70కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 41కి మరో నాలుగు గంటల్లో దిగాలి. రెండు మూడంగుళాల లోతుండే పళ్ళాల్లోకి పోయడం, లేదా గిన్నెను ఐసు నీళ్ళలో ఉంచి కలపడం సరైన జవాబు. అంకెలు తెలియకపోయినా ఫర్వాలేదు. ‘చల్లార్చి పెట్టాలి కదా, ఇక్కడ లెక్క ఎలాగో చెప్పండి’ అని అడిగినవాడిని వదులుకోకండి.

కౌంటర్‌కి, సర్వింగ్‌కి ఇంకో రకం పరీక్ష కావాలి. మీరే ఫోన్ చేసి గడగడా ఆర్డరివ్వండి: రెండు చికెన్ దమ్, ఒకటి మీడియం స్పైసీ, ఒకదాంట్లో గుడ్డు వద్దు, రైతా ఎక్స్‌ట్రా, ఏడుంబావుకి పికప్. తిరిగి చదివి వినిపించారా? చాలామంది ‘ఓకే సార్’ అని పెట్టేస్తారు. పార్సిల్ ఇంటికెళ్ళాక వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం అక్కడ పుట్టేవే. ఆ తర్వాత కస్టమర్‌లా కూర్చుని అడగండి: ‘ఈ కుర్మాలో జీడిపప్పు ఉందా?’ ‘ఉండదనుకుంటా’ అన్నవాళ్ళని ఎంత నవ్వు మొహమైనా పెట్టుకోకండి. మన గ్రేవీల్లో జీడిపప్పు ముద్ద కంటికి కనపడకుండా కలిసిపోతుంది. ఎలర్జీ ఉన్న పిల్లాడికి ఆ ‘అనుకుంటా’ అంబులెన్సు దాకా తీసుకెళ్తుంది. ‘కిచెన్లో కనుక్కుని చెప్తానండీ’ అన్నదే సరైన జవాబు. 2023 జనవరి నుంచి నువ్వులు కూడా ఇక్కడి ముఖ్యమైన ఎలర్జీ పదార్థాల జాబితాలో చేరాయి, మొత్తం తొమ్మిది. వెజ్ గరిటె నాన్‌వెజ్ గిన్నెలో పెట్టకపోవడం ఎందుకో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, పెడుతున్నారేమో చూడటం మానకండి.

ఈ ట్రయల్ నాలుగు గంటలు చాలు. దానికి డబ్బివ్వండి. ఉచిత ట్రయల్ పేరుతో శుక్రవారం రాత్రి పని గడుపుకునే ఓనర్ల పేరు ఊళ్ళో ఇట్టే పాకిపోతుంది, అది చట్టానికీ విరుద్ధం. డబ్బిచ్చారంటే అది ఉద్యోగం కిందే లెక్క, పైగా ఒక్కరోజు పనే కాబట్టి ఐ-9 ఫారం (అమెరికాలో పనిచేసే అర్హత ఉందని చూపే ఫారం) ఆ రోజే పూర్తిచేయాలి. మామూలుగా పనిలో చేరిన రోజుకల్లా ఉద్యోగి తన భాగం నింపాలి, మూడు పనిదినాల్లో మీరు కాగితాలు చూసి మీ భాగం నింపాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ‘గ్రీన్ కార్డు చూపించు’ అనడం. ఏ కాగితం చూపాలో ఎంచుకునే హక్కు ఉద్యోగిది. డ్రైవింగ్ లైసెన్సు, ఆంక్షలేవీ రాయని సోషల్ సెక్యూరిటీ కార్డు చూపిస్తే చాలు, మరోటి అడగకూడదు.

ఇంటర్వ్యూ పది నిమిషాలైనా సరే, నాలుగు ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని అందరినీ అవే అడగండి. ‘చివరి ఉద్యోగంలో బాగా గందరగోళమైన రాత్రి ఏం జరిగింది, మీరేం చేశారు?’ అన్నది వాటిలో ఒకటి కావాలి. ‘మేం చూసుకున్నాం’ అంటే ‘అందులో మీరు చేసిందేంటి?’ అని తవ్వండి. నిజంగా చేసినవాడికి ఫ్రయ్యర్ ఆగిపోయిందనో, రైస్ అయిపోయిందనో వివరం నోటి చివరే ఉంటుంది. పాత ఓనర్లందరూ దుర్మార్గులే అయితే కొంచెం ఆలోచించండి. మీరూ మీ ఆవిడా విడివిడిగా ఐదుకి మార్కులు వేసి, ఆ తర్వాతే మాట్లాడుకోండి. ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ ఒకే మార్కు వస్తుంది.

మనవాళ్ళకి ఇంటర్వ్యూలో నోటికి అలవాటైన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ‘ఏ ఊరు? ఇంటిపేరు?’ అని అడిగేది ఎందుకో అవతలివాడికీ తెలుసు. మానేయండి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను పేరు పెట్టి నిషేధించింది. టెక్సస్‌లో ఆ చట్టం లేకపోయినా ఆ ప్రశ్న వల్ల మీకు పని గురించి తెలిసేదేమీ లేదు. పెళ్ళయిందా, పిల్లలున్నారా, వయసెంత అనేవీ అంతే. మీకు కావలసింది ‘శుక్ర, శని రాత్రి పదకొండు దాకా ఉండగలరా?’ అయితే అదే అడగండి, ఆడా మగా అందరినీ. ఇంకో మాట: ‘మన వంట మనవాళ్ళకే వస్తుంది’ అనుకుని లాటినో కుర్రాళ్ళని గిన్నెల దగ్గరే ఉంచేయకండి. కొలతలు కాగితం మీద రాసిపెట్టిన కిచెన్లో ప్రెప్పూ గ్రిల్లూ వాళ్ళు పొల్లు పోకుండా నడుపుతారు.

రిఫరెన్సు కోసం స్నేహితుడి నంబరు కాదు, పాత మేనేజరు నంబరు అడగండి. చాలామంది చేరిన తేదీ, మానిన తేదీ తప్ప చెప్పరు. అయినా ‘మళ్ళీ పెట్టుకుంటారా?’ అని ఒక్కటి అడగండి. ‘తప్పకుండా’ అనడానికి ఎంతసేపు పట్టిందో వినండి.

ఒకే రూములో ఉండే ముగ్గుర్ని ఒకేసారి తీసుకోకండి, వెళ్ళేటప్పుడూ ముగ్గురూ ఒకేసారి వెళ్తారు. ‘గ్రీన్ కార్డు చేయిస్తాం’, ‘తర్వాత పార్ట్‌నర్ని చేస్తాం’ లాంటి నోటి మాటలు అసలే వద్దు.

మంచివాళ్ళు దొరికాక వాళ్ళని పోగొట్టేది జీతం లెక్క. ‘రూమ్, భోజనం, నెలకింత’ అని మాట్లాడుకుని వారానికి 70 గంటలు చేయించడం మన రెస్టారెంట్లలో మామూలు. నెల జీతం ఇచ్చినంత మాత్రాన వంటవాడికి ఓవర్‌టైం ఎగ్గొట్టలేరు, 40 గంటలు దాటిన ప్రతి గంటకీ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. టెక్సస్‌లో కనీస వేతనం ఫెడరల్‌దే, గంటకు 7.25 డాలర్లు. టిప్స్ వచ్చేవాళ్ళకి మీ చేతి నుంచి 2.13 ఇవ్వొచ్చు గానీ, టిప్స్‌తో కలిపి 7.25 రాకపోతే తేడా మీరే కట్టాలి. టిప్స్ డబ్బాలో ఓనర్ గానీ మేనేజర్ గానీ చేయి పెట్టకూడదు. ఇవి చట్టం గీసిన అడుగు గీతలు. ఆ రేటుకి పదో దోశ రెండోదానిలా వేసే మనిషి రాడు. పక్క రెస్టారెంట్లు ఏమిస్తున్నాయో కనుక్కుని దానికి పైన మొదలుపెట్టండి.

కొత్తగా చేరినవాళ్ళ వివరాలు 20 రోజుల్లోపు రాష్ట్రానికి పంపాలి, మీ పేరోల్ సర్వీసు అది చేస్తుందో లేదో అడగండి. మొదటి రెండు వారాల్లో రోజూ షిఫ్టు అయ్యాక ఐదు నిమిషాలు కూర్చుని ఏం బాగుంది, ఏం మారాలి అన్నది చెప్పండి. పొసగదని తేలితే నెలలు సాగదీయకండి. టెక్సస్‌లో మీరు తీసేస్తే ఆరు రోజుల్లోపు ఆఖరి జీతం మొత్తం ఇచ్చేయాలి. తనే మానేస్తే తర్వాతి జీతాల రోజు దాకా గడువుంటుంది.