కోచ్ ఇచ్చిన జెర్సీ, చేతిలో నోట్‌బుక్

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ పత్రికలో ఆటల పేజీ నేనే చూస్తాను. ఫుట్‌బాల్ కెప్టెన్, నేను స్కూలు రోజుల నుంచీ స్నేహితులం. అతని మోకాలికి గాయమైన సంగతి నాకు తెలుసు, రాయొద్దని బతిమాలుతున్నాడు. కోచ్ గారేమో నాకు జట్టు జెర్సీ ఇచ్చి, ‘ఏం రాసినా అచ్చుకు ముందు ఒకసారి చూపించమ్మా’ అన్నారు. స్పోర్ట్స్ జర్నలిస్టు కావాలన్నది నా కోరిక. కాలేజీ పత్రికకే ఇంత పట్టింపు అవసరమంటారా?

జవాబు: ముందు జెర్సీ సంగతి, ఎందుకంటే అదే తేలిక. థాంక్స్ చెప్పి తిరిగి ఇచ్చేయండి. కోచ్ నొచ్చుకుంటే ‘మా పత్రిక నియమం సార్’ అనండి. అలాంటి నియమం లేకపోతే మీ ఎడిటర్‌తో కూర్చుని ఈ వారమే ఒకటి రాసుకోండి. మ్యాచ్‌లో విలేఖరులు కూర్చునే ప్రెస్ బాక్సులో చప్పట్లు, కేకలు పనికిరావన్నది ఈ వృత్తిలో పాత కట్టుబాటు. చప్పట్లకే చోటు లేనప్పుడు ఒంటిమీద జట్టు రంగులు ఎలా కుదురుతాయి?

అచ్చుకు ముందు కోచ్‌కు కథనం చూపించడం అంతకంటే పెద్ద విషయం. చూపించొద్దు. అయితే చూపించడం వేరు, సరిచూసుకోవడం వేరు. ఆయన అన్న మాటలు ఆయనకే చదివి వినిపించి ‘ఇలాగే అన్నారు కదా సార్’ అని అడగొచ్చు. ఆటగాళ్ల పేర్లు, జెర్సీ నంబర్లు, గోలు పడిన నిమిషం సరిపోల్చుకోవచ్చు, పోల్చుకుని తీరాలి. కథనం మొత్తం చేతికిస్తే మాత్రం ఆయన తప్పులు దిద్దరు, మిమ్మల్ని దిద్దుతారు. రక్షణ లైను చెల్లాచెదురైన మ్యాచ్ కాస్తా ‘గట్టి పోటీ ఇచ్చి ఓడిన’ మ్యాచ్ అవుతుంది. ఒకసారి అలవాటైతే వచ్చే నెల వద్దనడం మీ తరం కాదు.

ఇక గాయం. దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. అది మీకెలా తెలిసిందో ముందు గుర్తు చేసుకోండి. రాత్రి కబుర్లలో స్నేహితురాలికి చెప్పుకున్న మాటైతే అది మీ నోట్‌బుక్‌లోకి రాకూడదు. అతను చెప్పింది మీకు, పత్రికకు కాదు. మైదానంలో అందరి కళ్ల ముందూ జరిగినది వేరు. ‘రెండో సగంలో కుంటుతూ బయటికి వెళ్లాడు, మళ్లీ రాలేదు’ అని నిస్సంకోచంగా రాయొచ్చు, అది మీ కళ్లు చూసిన నిజం. ‘లిగమెంటు తెగింది’ అని మాత్రం అతనో, అతని అనుమతితో జట్టు ఫిజియోనో పేరుతో చెప్పేదాకా రాయకూడదు. అమెరికాలో విద్యార్థుల రికార్డులను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం, వైద్య వివరాలకు సంబంధించిన 1996 నాటి హిపా చట్టం ఉన్నాయి. వాటిని చూసి గాయాల గురించి రాయడమే నేరమనుకునే విద్యార్థి విలేఖరులు ఉన్నారు. ఆ చట్టాలు కట్టేసేది విద్యాసంస్థల చేతుల్ని, వైద్య సేవలందించే వారి చేతుల్ని. విలేఖరిని ఆపాల్సింది అతని విచక్షణే.

గాయం కబురుకు బెట్టింగ్ ప్రపంచంలో విలువ ఉంటుందని కూడా మరవొద్దు. కెప్టెన్ ఆడతాడా లేదా అని ఎవరైనా మెసేజ్‌లో ఆరా తీస్తే జవాబివ్వకండి. మీరు రాసే ఆటల మీద పందెం కాయడం ఎలాగూ కూడదు.

‘ఆఫ్ ది రికార్డ్’, అంటే అచ్చులో వేయకూడదన్న షరతు, సంగతీ ఇక్కడే చెప్పాలి. ఆ ఒప్పందం మాటకు ముందు కుదరాలి. ఇంటర్వ్యూ అంతా అయ్యాక ‘అది రాయకేం’ అంటే, అనుభవమున్న మంత్రి విషయంలో మీరు కట్టుబడనక్కర్లేదు. పద్దెనిమిదేళ్ల గోల్‌కీపర్ విషయంలో నేనైతే మెత్తబడతాను. వాడికి ఈ ఆట నియమాలు ఎవరూ చెప్పి ఉండరు. అందుకే ప్రశ్నలు మొదలుపెట్టేముందే ‘ఇది పత్రిక కోసం, నువ్వు చెప్పింది నీ పేరుతో వస్తుంది’ అనేయండి. అమెరికా జర్నలిస్టుల సంఘం ‘సొసైటీ ఆఫ్ ప్రొఫెషనల్ జర్నలిస్ట్స్’ 2014లో సవరించిన నియమావళిలో నిజం వెతకడం, హాని తగ్గించడం, స్వతంత్రంగా ఉండటం, జవాబుదారీగా ఉండటం అని నాలుగు సూత్రాలున్నాయి. విద్యార్థి ఆటగాళ్ల దగ్గర రెండోదానికి కొంచెం ఎక్కువ బరువివ్వాలని నా అభిప్రాయం. పెనాల్టీ బయటికి కొట్టాడని రాయండి, వెటకారం వద్దు.

మెత్తదనం అక్కడితో సరి. కోచ్, యాజమాన్యం విషయానికొస్తే గట్టిగానే ఉండాలి. ‘కాలేజీ పత్రికకే ఇంతా’ అని అడిగారు కదా. 2023 జులై 7న అమెరికాలోని నార్త్‌వెస్ట్రన్ యూనివర్సిటీ, తన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ర్యాగింగ్ ఆరోపణలపై విచారణ ముగిసిందని చెప్పి హెడ్ కోచ్ ప్యాట్ ఫిట్జ్‌గెరాల్డ్‌ను రెండు వారాలు సస్పెండ్ చేసింది. మర్నాడే విద్యార్థుల పత్రిక ‘ది డైలీ నార్త్‌వెస్ట్రన్’ ఒక మాజీ ఆటగాడు చెప్పిన వివరాలు ప్రచురించింది. జులై 10న కోచ్ ఉద్యోగం పోయింది. అలాంటివి జరుగుతున్నట్టు తనకు తెలియదని ఆయన మొదటి నుంచీ అంటూ వచ్చారు, కోర్టుకెక్కారు. 2025లో రాజీ కుదిరింది. అంటే పిల్లలు రాసిన వాక్యాలకు ఉద్యోగాలు, వ్యాజ్యాలు ముడిపడ్డాయి. అలాంటి కథనంలో ప్రతి ఆరోపణకూ ఆధారం ఉండాలి, అవతలి వారి మాటకు చోటుండాలి. కోచ్ జెర్సీ వేసుకున్న విలేఖరి దగ్గరికి ఆ ఆటగాడు వచ్చేవాడా, ఆలోచించండి.

పెద్ద పత్రికలూ జారిపడిన చోట్లు రెండు చెబుతాను. 2012లో అమెరికాలోని నోటర్ డేమ్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డిఫెన్స్ ఆటగాడు మాంటై టెయో ప్రేమించిన అమ్మాయి చనిపోయిందన్న కథను పేరున్న పత్రికలు, చానెళ్లు కన్నీళ్లతో మోశాయి. 2013 జనవరిలో ‘డెడ్‌స్పిన్’ అనే క్రీడా వెబ్‌సైట్ తేల్చింది, అసలు అలాంటి అమ్మాయే లేదని. ఆన్‌లైన్‌లో ఎవరో అల్లిన మోసానికి ఆ కుర్రాడే బలయ్యాడు. మరణ ధ్రువీకరణ కోసం ఒక్క ఫోన్ చేసి ఉంటే కథ అక్కడే ఆగేది. కథ ఎంత కదిలిస్తే అంత గట్టిగా సరిచూసుకోవాలి. రెండోది 2005లో. డెట్రాయిట్‌లో ఒక ప్రముఖ కాలమిస్టు ఆదివారం సంచిక కోసం శుక్రవారమే కాలమ్ రాసిచ్చేశారు. ఇద్దరు మాజీ ఆటగాళ్లు శనివారం మ్యాచ్‌కు వచ్చి స్టాండ్స్‌లో కూర్చున్నారని అందులో ఉంది. వస్తామని వాళ్లు ఆయనకు చెప్పిన మాట నిజమే. కానీ రాలేదు. పత్రిక ఆయన్ను కొన్నాళ్లు పక్కన పెట్టింది. డెడ్‌లైన్ తరుముతున్నప్పుడు జరగనిది జరిగినట్టు రాసేయాలనిపిస్తుంది. డెస్కులో పనిచేసిన రోజుల్లో నాకూ అనిపించేది.

తప్పు దొర్లితే చడీచప్పుడు లేకుండా మార్చేయకండి. ఏది తప్పు పడిందో, సరైనది ఏమిటో కింద రాయండి. మీ పోర్ట్‌ఫోలియోలో అలా సవరణ వేసిన కథనం ఒకటి ఉంచండి. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ఎడిటర్లకు మెరుగులు దిద్దిన మ్యాచ్ రిపోర్టు కంటే దాని గురించే అడగాలనిపిస్తుంది.

మీరు ఇప్పుడు చేయాల్సింది: ఈ సీజన్‌కు ఫుట్‌బాల్ మరో విలేఖరికి అప్పగించి, మీరు వాలీబాలో అథ్లెటిక్సో తీసుకోండి. వేరే మనిషి లేకపోతే మీ స్నేహం సంగతి ఎడిటర్‌కు చెప్పండి, కెప్టెన్ గురించి ప్రత్యేక కథనం రాయాల్సి వస్తే పాఠకులకూ ఒక్క వాక్యంలో తెలియజేయండి. క్రీడా విభాగానికి పోస్టర్లు, ప్రచార వీడియోలు చేసిపెట్టమని అడిగితే ఆ పనీ ఈ పనీ ఒకే సీజన్‌లో వద్దు.

కెప్టెన్‌తో మాత్రం వచ్చే మ్యాచ్‌లోగా మాట్లాడండి. ‘నాతో ఊరికే చెప్పిన మాట రాయను. మైదానంలో జరిగింది మాత్రం మా పత్రికలో వస్తుంది, అది ఆపమని నన్నడగొద్దు’ అనండి. రెండు రోజులు ముఖం ముడుచుకుంటాడేమో. ముడుచుకోనివ్వండి.