మంచం మీదున్న మామ్మగారి ఒళ్ళు జాగ్రత్త: మా అమ్మలూకి ఒక ఉత్తరం

అమ్మలూ,

పాలకొల్లులో ఆ మామ్మగారిని చూసుకునే పనికి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వంట, మందులు అయితే ఇబ్బంది లేదు గానీ ఒళ్ళు తుడవడం, డైపర్లు మార్చడం అంటేనే టెన్షన్‌గా ఉందన్నావట. మొదట్లో ఎవరికైనా అలాగే ఉంటుంది. ఆసుపత్రి వార్డుల్లోనూ, తర్వాత ఇళ్ళల్లోనూ నేను చేసింది ఇదే పని కాబట్టి తెలిసినంత రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, కాగితం మీదుంటే మళ్ళీ చూసుకోవచ్చు.

ముందుగా ఒక్క మాట. ఆవిడ ఒంటిని తల నుంచి అరికాలి దాకా రోజూ చూసే మనిషివి నువ్వొక్కదానివే, అదీ స్నానం వేళే. డాక్టరుగారు వస్తే బీపీ చూస్తారు. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో మొహం చూస్తాడు. వీపు కింద ఏం జరుగుతోందో వాళ్ళెవరికీ కనబడదు. అందుకని చెయ్యి తుడుస్తున్నంతసేపూ కన్ను వెతుకుతూనే ఉండాలి.

మొదలుపెట్టే ముందే అన్నీ మంచం పక్కన పెట్టుకో: రెండు బేసిన్ల నీళ్ళు, నాలుగైదు మెత్తటి గుడ్డలు, పొడి తువ్వాళ్ళు, సబ్బు, మార్చాల్సిన బట్టలు, డైపరు, చేతి తొడుగులు. తడి ఒంటితో ఆవిడను వదిలేసి తువ్వాలు కోసం పెరట్లోకి పరిగెత్తకూడదు. తలుపు వెయ్యి, ఫ్యాను ఆపు. చేసే ప్రతి పనీ ముందు చెప్పు. "మామ్మగారూ, ఇప్పుడు ఎడం చెయ్యి తుడుస్తానండీ" అని చెప్పి తుడువు. పక్షవాతం వచ్చి మాట పోయిందన్నావు కదా, మాట పోయినంత మాత్రాన వినపడదని కాదు. ఒళ్ళంతా ఒకేసారి విప్పెయ్యకు. మీద దుప్పటి కప్పి ఉంచి, తుడిచే చెయ్యో కాలో మాత్రమే బయటికి తియ్యి, తుడిచి ఆరాక కప్పెయ్యి. కోడలి ముందు కూడా కొంగు సరిచేసుకునే తరం వాళ్ళది. ఆ కప్పడం మానేస్తే ఆవిడ బిగుసుకుపోతుంది, నీ పని రెట్టింపవుతుంది.

నీళ్ళు మోచేత్తో చూసుకో, గోరువెచ్చగా ఉండాలి. చేతివేళ్ళను నమ్మకు, మన వేళ్ళు పొయ్యి దగ్గర మొద్దుబారి ఉంటాయి. ఆవిడకు షుగరుందన్నావు, పైగా కుడి పక్క పడిపోయింది. ఆ పక్క స్పర్శ తెలియకపోతే కాలినా చెప్పలేదు. మీ పక్క బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, సబ్బు సరిగా నురగ రాదు, ఒంటి మీదే పేరుకుని దురద పెడుతుంది. కనీసం చివరిసారి తుడవడానికైనా కుళాయి నీళ్ళు పట్టి ఉంచుకో. సబ్బు రోజూ ఒళ్ళంతా అక్కర్లేదు. చంకలకీ గజ్జలకీ కింది భాగానికీ చాలు, మిగతా ఒంటికి మంచినీళ్ళే సరిపోతాయి. నలుగు, సున్నిపిండి పెట్టి రుద్దవద్దు. ఆ వయసులో చర్మం పలచబడి ఉంటుంది, గీరుకుంటే లేచొస్తుంది.

ముఖంతో మొదలుపెట్టి కిందికి రా. కళ్ళు ముక్కు పక్క నుంచి బయటికి తుడువు, ఒక్కో కంటికి ఒక్కో శుభ్రమైన గుడ్డ, సబ్బు వద్దు. తర్వాత మెడ, చేతులు, ఛాతీ, పొట్ట, కాళ్ళు, వీపు. మర్మస్థానం ఆఖరున, నీళ్ళు మార్చి, తొడుగులు వేసుకుని. ఆడవాళ్ళకు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే తుడవాలి. వెనక నుంచి ముందుకు వస్తే మలం తాలూకు క్రిములు మూత్రనాళంలోకి చేరి జ్వరం తెస్తాయి. రేపు మరో ఇంట్లో తాతగారిని చూడాల్సి వస్తే, అంగం ముందు తోలు నెమ్మదిగా వెనక్కి తీసి కడిగి, తప్పకుండా మళ్ళీ ముందుకు సర్దాలి. అలాగే వదిలేస్తే బిగుసుకుని వాచిపోతుంది.

మన గోదావరి ఉక్కపోతలో తుడవడం కంటే ఆరబెట్టడమే ఎక్కువ పని. రొమ్ముల కింద, పొట్ట మడతలో, గజ్జల్లో, కాలివేళ్ళ మధ్య తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. నాట్ల రోజుల్లో బురదలో నానిన కాలివేళ్ళ సందులు చూశావు కదా, తెల్లగా ఉబ్బి, చిన్న రాపిడికే చిట్లుతాయి. మూత్రంలో నానిన చర్మం అచ్చం అలాగే ఉంటుంది. మడతల్లో పౌడరు దట్టంగా చల్లకు, చెమటకు ముద్దకట్టి ఒరుసుకుంటుంది. మడత ఎర్రబడి, అంచుల్లో చిన్న పొక్కులు వస్తే ఫంగస్ పట్టి ఉండొచ్చు, డాక్టరుకు చూపించి మందు రాయించాలి. కొబ్బరినూనె మనింట్లో ఉండేదే, కాళ్ళూ చేతులూ పొడిబారితే పలచగా రాయి. మడతల్లో మాత్రం వద్దు.

డైపరు తడిసిందా అని రెండు మూడు గంటలకోసారి చెయ్యి పెట్టి చూడు. విరేచనమైతే ఆ క్షణమే మార్చు. కడిగి, ఆరాక జింకు ఆక్సైడు క్రీము పలచగా రాస్తే చర్మానికి తడి తగలదు. డైపరు ఖర్చు అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కటే ఉంచమనే ఇళ్ళు ఉంటాయి. అక్కడ మొహమాటపడకు. పుండు పడితే డ్రెస్సింగులకు అంతకు ఎన్నో రెట్లు అవుతుందని మర్యాదగానే చెప్పు.

ఇక బెడ్‌సోర్ల సంగతి, అంటే కదలకుండా ఒకే పక్క పడుకుంటే ఒత్తిడికి పడే పుండ్లు. ఇది రెండుసార్లు చదువు. ఎముక చర్మానికి దగ్గరగా ఉన్న చోటల్లా పరుపు ఒత్తుకుని రక్తం అందదు. వెల్లకిలా పడుకుంటే తల వెనక, భుజాల ఎముకలు, మోచేతులు, నడుం కింద పిరుదుల మధ్య ఎముక, మడమలు. పక్కకి పడుకుంటే చెవి, తుంటి, మోకాలి పక్క, చీలమండ. ఇవన్నీ రోజూ టార్చి వేసి చూడాలి. ఎర్రగా కనబడితే వేలితో నొక్కి వదులు. తెల్లబడి మళ్ళీ రంగొస్తే ఆ పక్క ఒత్తిడి తీసి, అరగంట తర్వాత మళ్ళీ చూడు. నొక్కినా రంగు మారకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. మన చామనచాయ, నలుపు ఒళ్ళకు ఎరుపు సరిగా కనబడదు. చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగానో వంకాయరంగుగానో మచ్చ ఉందా చూడు, చేతి వెనక పక్క ఆనించి వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తగా జారుతోందా పట్టి చూడు. అలాంటి చోట నూనె పెట్టి మర్దనా చెయ్యమని చెప్పేవాళ్ళు చాలామంది వస్తారు. చెయ్యకు, లోపల అసలే దెబ్బతిన్న కండ ఇంకా చితుకుతుంది. గాలి నింపిన గుండ్రటి రింగు కూడా వద్దు, అంచు చుట్టూ రక్తం ఆపేస్తుంది.

రెండు గంటలకోసారి పక్క మార్చు. పూర్తిగా తుంటి మీదికి కాకుండా వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాల్చితే చాలు. మోకాళ్ళ మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒక దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి. తల వైపు ఎక్కువ ఎత్తి ఉంచితే కిందికి జారిపోతూ నడుం కింద చర్మం ఒరుసుకుంటుంది. అన్నం పెట్టేటప్పుడు ఎత్తు, తిన్నాక అరగంట ఉంచి దించు. పైకి జరపాలంటే చంకల్లో చెయ్యి వేసి ఈడ్చవద్దు. పాత నూలు చీర మడతపెట్టి నడుం కింద పరిచి ఉంచు, చెరో పక్కా పట్టుకుని ఇద్దరు ఎత్తి జరపాలి. పడిపోయిన కుడి చెయ్యి పట్టి అసలు లాగకు, భుజం కీలు జారుతుంది. జాకెట్టు తొడిగేటప్పుడు ఆ చెయ్యే ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. నవారు మంచమైతే మధ్యలో కుంగుతుంది, బల్ల మంచం వేయించమని అడుగు.

నోరు రెండు పూటలా. పక్కకి తిప్పి, తల కొద్దిగా ఎత్తి, మెత్తటి బ్రష్షు తడిపి తోము, నీళ్ళు ఎక్కువ పొయ్యకు. మింగుడు సరిగా లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పడిపోయిన పక్క బుగ్గలో అన్నం మెతుకులు దాక్కుంటాయి, వేలికి గుడ్డ చుట్టి తీసెయ్యి. కట్టుడు పళ్ళు రాత్రి తీసి నీళ్ళలో పెట్టు. షుగరు వాళ్ళ కాలి గోళ్ళు మూలలు తవ్వకు, తిన్నగా కత్తిరించు, మందంగా ఉంటే నర్సుకు వదిలెయ్యి. తలస్నానానికి కుంకుడు రసం కళ్ళలో పడుతుంది, షాంపూ చాలు.

చర్మం చిట్లితే పసుపు, పసరు, బూడిద ఏదీ పెట్టనివ్వకు. మంచినీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి ఊళ్ళోని ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్‌కో డాక్టరుకో కబురు చెయ్యి. పుండు నల్లబడి వాసన వస్తున్నా, ఆవిడ జ్వరంతో మగతగా ఉన్నా 108కి ఫోన్ చెయ్యి. రోజుకో గుడ్డు, పప్పు, మజ్జిగ ఒంటికి పట్టేలా చూడు, తిండి లేకపోతే పుండు మానదు. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరును అడిగాకే.

ఎయిర్ బెడ్, అంటే ఒత్తిడి తగ్గించే గాలి పరుపు, కొనమని వాళ్ళబ్బాయిని ఈ వారమే అడుగు. అది వచ్చాక కూడా పక్క మార్చడం మానకూడదని ఆ ఇంట్లో అందరికీ చెప్పు. మంచం దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి ఏ గంటకు ఏ పక్క తిప్పావో, ఎక్కడ మచ్చ చూశావో రాయి. నీకు సెలవు రోజు తప్పకుండా అడిగి తీసుకో, ఆ రోజు నీ బదులు వచ్చే మనిషి చేతికి మొదట ఆ పుస్తకం ఇవ్వు.

మీ పెద్దమ్మ