'డో' అంటే పిండేనా? సబ్‌టైటిళ్ల అనువాదంలోకి రావాలనుకునే విద్యార్థినికి సమాధానం

ప్రశ్న: నేను ఇంగ్లిష్ సాహిత్యంతో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సబ్‌టైటిళ్ల అనువాదాన్ని వృత్తిగా ఎంచుకోవాలని ఉంది. ఈమధ్య ఒక సంస్థ పెట్టిన పరీక్షలో, ఇద్దరు దొంగలు కారులో పారిపోతూ అనుకునే 'హీ హాజ్ గాట్ ద డో' అనే మాటను 'వాడి దగ్గర పిండి ఉంది' అని రాశాను. అక్కడ 'డో' అంటే డబ్బని తర్వాత తెలిసింది. ఇలాంటి పదాల జాబితాలు కంఠస్థం చేయాలా? ఈ వృత్తికి నేను పనికివస్తానా? మళ్లీ దరఖాస్తు చేయవచ్చా?

సమాధానం: పనికివస్తారు. అయితే మీరు చేసిన తప్పు ఏ రకానిదో ముందుగా గుర్తించాలి. ఒక పదానికి రెండో అర్థం తెలియకపోవడం ఎంతటి అనువాదకులకైనా ఎదురయ్యేదే. దొంగతనం చేసి పారిపోతున్నవాళ్లు పిండి గురించి మాట్లాడుకోవడం ఏమిటన్న అనుమానం మీకు రాకపోవడమే ఇక్కడి లోపం. అనుమానం వచ్చి ఉంటే నిఘంటువు తెరిచేవారు. ఏ మంచి నిఘంటువు చూసినా ఆ పదం కింద 'డబ్బు' అనే అర్థం కనిపించి ఉండేది.

నిజానికి ఈ పదం అసలు అర్థంలో వాడినప్పుడు కూడా తెలుగువారిని తికమకపెడుతుంది. పొడిగా ఉంటే 'ఫ్లోర్', నీళ్లు కలిపి ముద్ద చేస్తే 'డో', గరిటెతో పోయగలిగేంత పలచగా ఉంటే 'బ్యాటర్' అని ఇంగ్లిష్ మూడు పదాలు వాడుతుంటే, మనం మూడింటినీ పిండి అనే అంటాం. బ్రెడ్ తయారీని చూపే వీడియోకు సబ్‌టైటిల్ రాసేటప్పుడు మూడుచోట్లా పిండి అనే రాస్తే చూసేవారికి ఏమీ అర్థం కాదు కనుక, పొడిపిండి, పిండిముద్ద, జారుపిండి అని విడదీసి రాయాలి. ఆ పదం చుట్టూ ఉండే క్రియలను కూడా దానితోపాటే నేర్చుకోవాలి. 'నీడ్' అంటే పిసకడం. రాతలో దాని ముందు ఉండే కె అక్షరం పలకదు. 'రోల్ ఔట్' అంటే కర్రతో ఒత్తడం. వీటన్నింటికంటే ప్రమాదకరమైనది 'ప్రూఫ్ ద డో' అనే మాట. పిండిముద్దను కాసేపు కదపకుండా ఉంచి పొంగనివ్వమని దాని అర్థం. దాన్ని 'పిండిని రుజువు చేయండి' అని రాసిన అనువాదాన్ని సరిదిద్దవలసిన అవసరం నాకు ఒకసారి కలిగింది. రాసినవారికి 'ప్రూఫ్' తెలుసు, 'డో' కూడా తెలుసు; ఆ రెండూ పక్కపక్కన చేరితే ఏమవుతుందో మాత్రం తెలియదు.

ఇక డబ్బు అనే అర్థం సంగతి. ఈ వాడుక 19వ శతాబ్దం మధ్యలో అమెరికాలో కనిపిస్తుంది; 'బ్రెడ్' అనే మాటను డబ్బుకు వాడటం దానికి చాలాకాలం తర్వాత వచ్చింది. ఈ అర్థంలో 'డో'కు బహువచనం లేదు, కాబట్టి 'మెనీ' కాదు, 'ఎ లాట్ ఆఫ్' వంటివి దాని ముందు వస్తాయి. అర్థంకంటే దాని స్థాయి మీకు ముఖ్యం. ఇది చనువున్నవారి మధ్య మాట, పైగా ఇప్పుడు కొంత పాతబడింది. నిఘంటువులు కూడా దీన్ని పాతకాలపు వ్యావహారికంగానే గుర్తిస్తాయి. అందువల్ల పాతకాలపు నేరకథలో ఒదిగినంత సహజంగా నేటి కళాశాల కుర్రాడి నోట ఒదగదు. ఉద్యోగ ముఖాముఖిలో జీతం గురించి అడిగేటప్పుడు దీన్ని అస్సలు వాడకూడదు. అక్కడ 'శాలరీ' అనడమే మర్యాద.

తెలుగులోకి తెచ్చేటప్పుడు కూడా ఆ స్థాయి దెబ్బతినకూడదు. 'ధనము' అని రాస్తే దొంగ పురాణం చెబుతున్నట్లుంటుంది. 'సొమ్ము వాడి దగ్గరే ఉంది' అంటే సరిగ్గా కుదురుతుంది. 'హీ మేడ్ సమ్ డో' అన్నచోట, పాత్రను బట్టి, 'నాలుగు రాళ్లు సంపాదించాడు' అనవచ్చు. మన పలుకుబడిలోని ఈ రాళ్లను ఇంగ్లిష్ విద్యార్థి ఎవరైనా 'ఫోర్ స్టోన్స్' అని అనువదించాడని ఊహించుకోండి. మీ పిండి, అతని రాళ్లు ఒకే కోవకు చెందుతాయి.

మిగిలిన వాడుకలు అంత తరచుగా రావు. 'డోయీ' అని ఎవరి ముఖాన్నైనా వర్ణిస్తే పాలిపోయి, మెత్తగా ఉబ్బినట్లున్నదని అర్థం. అది పొగడ్త కాదు. 'డోబాయ్' మొదటి ప్రపంచ యుద్ధకాలపు అమెరికన్ పదాతి సైనికుడు. 'సోర్‌డో' మామూలుగా పులియబెట్టిన పిండిముద్ద, దానితో చేసిన బ్రెడ్. కానీ 1896లో కెనడాలోని క్లాన్‌డైక్ ప్రాంతంలో మొదలైన బంగారు వేట నేపథ్యంలో తీసిన చిత్రంలో ఆ మాట వినిపిస్తే, ఆ మంచుప్రాంతంలో ఏళ్లతరబడి నిలదొక్కుకున్న పాతకాపు అని అర్థం చేసుకోవాలి. 'డౌటీ' అనే పదం మాత్రం ఈ కుటుంబానిది కాదు. రాతలో ఇదే అక్షరాలతో మొదలైనా, ధైర్యశాలి అని దాని అర్థం.

వినికిడి మీద కూడా శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే ఈ పనిలో కొన్నిసార్లు స్క్రిప్టు ఇవ్వకుండా ధ్వని మాత్రమే ఇస్తారు. 'డో' అనే పదం 'గో'తో ప్రాస కలుస్తుంది, చివరి జి, హెచ్ పలకవు. ఆడజింకను సూచించే 'డో' కూడా చెవికి అచ్చం ఇలాగే వినిపిస్తుంది కనుక, అది వంటగదా, అడవా, బ్యాంకా అన్నది తెరమీది దృశ్యమే చెప్పాలి.

కాబట్టి జాబితాల కంఠస్థం వద్దు. అలవాటైన ఒక ఇంగ్లిష్ పదాన్ని రోజుకొకటి తీసుకుని, అది ఏ మాటల పక్కన వస్తుందో, ఎవరు ఎవరితో అంటున్నారో, తెలుగులో అదే మనిషి ఏమంటాడో పూర్తి వాక్యాలుగా రాసుకోండి. రాసిన ప్రతి సబ్‌టైటిల్‌నూ ఇంగ్లిష్ వైపు చూడకుండా ఒకసారి పైకి చదవండి. వింతగా వినిపించిన వాక్యం దగ్గర ఆగి, అందులోని అతి సులువైన పదాన్నే ముందుగా నిఘంటువులో చూడండి. కష్టమైన పదాలను ఎలాగూ చూస్తారు.

మళ్లీ దరఖాస్తు నిరభ్యంతరంగా చేయవచ్చు. అయితే, ఒకసారి పరీక్ష రాసినవారికి కొంత గడువు తర్వాతే మళ్లీ అవకాశమిచ్చే సంస్థలున్నాయి కాబట్టి ఆ నిబంధన ముందుగా అడిగి తెలుసుకోండి. గత పరీక్షలోని తప్పుకు సంజాయిషీ రాయనవసరం లేదు. దానికి బదులు, రెండు వరుసలు మించని సబ్‌టైటిళ్లతో మీరు సొంతంగా అనువదించిన ఐదు నిమిషాల సంభాషణను జతచేయండి, అందులో వ్యావహారికం ఎక్కువగా ఉన్న సన్నివేశాన్నే ఎంచుకోండి.